తప్పుల పుస్తకానికి అప్పు ఎవరిస్తారు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

చిన్న పరిశ్రమలు కొత్తగా ఆలోచించడం నేర్చుకోకపోతే ఎక్కువ కాలం బతకవని ఈ మధ్య మీ వాణిజ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారు మా మేలు కోరే రాశారు, సందేహం లేదు. కానీ చదువుతున్నంతసేపూ మా షెడ్డులో ఇనుప బీరువా పై అరలో ఉన్న నోటు పుస్తకాలే నాకు గుర్తొచ్చాయి. వాటి సంగతి చెబుదామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

బాలానగర్‌లో మాది చిన్న మెషిన్ షాప్. నాన్న 1978లో రెండు పాత లేత్‌లతో మొదలుపెట్టారు. ఇప్పుడు మూడు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, కంప్యూటర్‌తో నడిచే రెండు సీఎన్‌సీలు, ఒక వీఎంసీ ఉన్నాయి. నాతో కలిపి 14 మందిమి. నేను చదివింది బీకాం. నాన్న ఉన్నప్పుడు లెక్కలు చూడ్డానికి వచ్చి కూర్చునేదాన్ని. 2012లో ఆయన పోయాక షెడ్డు అమ్మేయమని చుట్టాలందరూ చెప్పారు. నేను అమ్మలేదు. మైక్రోమీటర్ పట్టుకోవడం, డ్రాయింగ్ చదవడం ముప్పై తొమ్మిదో ఏట నేర్చుకున్నాను.

నాన్నకు ఒక అలవాటుండేది. ముక్క పాడైన ప్రతిసారీ పుస్తకంలో రాసేవారు. ఏ జాబ్, ఏ మెటీరియల్, ఏ టూల్, ఎంత స్పీడులో నడిపాం, ఎక్కడ చెడింది, మర్నాడు ఏం మార్చి చూశాం, అది పని చేసిందా లేదా. అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘తప్పుల పుస్తకం’ అని ఉంటుంది. అలాంటివి 11 ఉన్నాయి. నూనె మరకలతో పేజీలు అతుక్కుపోయాయి. మా షాపుకు ఉన్న తెలివంతా ఆ పేజీల్లోనూ, మా ఉస్తాద్, అంటే మా పెద్ద మేస్త్రి, చేతుల్లోనూ ఉంది.

ఈ అలవాటు నాన్నకు ఊరికే రాలేదు. 1960ల్లో బాలానగర్, దాని చుట్టుపక్కల హెచ్ఏఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఇంకాస్త దూరంలో బీహెచ్ఈఎల్, ఇలా పెద్ద పెద్ద ప్రభుత్వ కార్ఖానాలు వచ్చాయి. వాటికి ముక్కలు చేసిపెట్టడానికే మాలాంటి షెడ్లు పుట్టాయి. పనిముట్ల రూపకల్పన నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను 1968లో ఇక్కడే పెట్టారు. నాన్న చెప్పేవారు: ఆ రోజుల్లో పెద్ద కంపెనీ ఇన్‌స్పెక్టర్ వచ్చి ముక్క రిజెక్ట్ చేస్తే అంతటితో వెళ్లిపోయేవాడు కాదట. స్టూలు లాక్కుని కూర్చుని, ఎందుకు చెడిందో తేలేదాకా టీ తాగుతూ మాట్లాడేవాడట. నాన్న సగం ఇంజనీరింగ్ ఆ స్టూలు పక్కనే నేర్చుకున్నారు. ఇప్పుడు రిజెక్షన్ ఈమెయిల్‌లో వస్తుంది. అందులో కారణం ఉండదు, మా బిల్లులో కోత పెట్టే డెబిట్ నోట్ ఉంటుంది.

ఇక ‘కొత్త ఆలోచన’ సంగతి. మా షెడ్డులో ఏం జరిగిందో ఒకటి చెబుతాను.

కొన్నేళ్ల కిందట పంపులకు వేసే స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్‌లు, అంటే గొట్టం లాంటి తొడుగులు, చేసేవాళ్లం. గోడ మందం రెండున్నర మిల్లీమీటర్లు. అంత పలచని ముక్కను మూడు దవడలతో పట్టుకునే త్రీ జా చక్‌లో బిగించి లోపల తొలిస్తే, చక్‌లో ఉన్నంతసేపూ లోపల చక్కగా గుండ్రంగానే చూపిస్తుంది. విప్పగానే మూడు మూలలు తేలుతుంది. బిగింపు మూడు చోట్లే పడుతుంది కాబట్టి లోహం అక్కడ లోపలికి నొక్కుకుని, వదిలాక మళ్లీ బయటికి వస్తుంది. నూటికి 12 ముక్కలు పోయేవి. మా ఉస్తాద్ రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు స్క్రాప్‌లోంచి ఒక అల్యూమినియం ముక్క తీసి, స్లీవ్ బయటి కొలతకు సరిగ్గా సరిపోయేలా రింగ్ చేసి, ఒక పక్క చీల్చి, దాన్ని ముక్క చుట్టూ తొడిగి చక్‌లో పెట్టాడు. బిగింపు చుట్టూ సమంగా పరుచుకుంది. రిజెక్షన్ నూటికి ఒకటో రెండో అయింది. తీసి మళ్లీ కొలిచి సరిచేసే పని తప్పింది కాబట్టి ముక్కకు 11 నిమిషాలు పట్టేది 7కు దిగింది. ఇది లోకానికి కొత్త కాదని నాకు తెలుసు, టూలింగ్ పుస్తకాల్లో ఉన్నదే. మా షెడ్డుకు కొత్త. ఆయన మాత్రం ఏ పుస్తకమూ చూడకుండా చేశాడు.

నేను సంతోషం పట్టలేక కస్టమర్ దగ్గరికెళ్లి చెప్పేశాను. వాళ్లు మెచ్చుకున్నారు. తర్వాత వచ్చిన పర్చేజ్ ఆర్డర్‌లో ముక్కకు 14 రూపాయలు రేటు తగ్గించారు. టైమ్ తగ్గింది కదా మేడం, అన్నారు. ఆ డబ్బుతో ఉస్తాద్‌కు బోనస్ ఇద్దామని, ఇలాంటివి ఇంకో రెండు జాబ్‌లకు చేయిద్దామని అనుకున్నాను. ఏదీ కాలేదు. మరోసారి కస్టమర్ మనుషులు షాప్ చూడ్డానికి వస్తున్నారని తెలిస్తే ఉస్తాద్ ఆ రింగ్ తీసి డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాడు. ‘అక్కా, వాళ్లు పోయాక మళ్లీ పెడతాలే’ అన్నాడు. ఆ తాళం చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. తన తెలివిని మనిషి దాచుకోవాల్సి రావడం కంటే పరిశ్రమకు నష్టం ఇంకేముంటుంది?

దీన్ని మా ఒక్కరి గోడుగా చూడొద్దు. జాబ్ వర్క్ చేసే ఏ షెడ్డుకైనా వెళ్లి అడగండి. మెరుగుపరిచినందుకు వచ్చిన లాభం మరుసటి ఆర్డర్‌కే పైవాడికి పోతుంటే, కిందివాడు ఎందుకు మెరుగుపరుస్తాడు? కార్ఖానా పెద్దదైనా చిన్నదైనా, కొత్తది చేసి చూడాలంటే చేతిలో కొంత మిగులు ఉండాలి. కొంత డబ్బు, కొంత సమయం, పాడైతే పోనీలే అనుకోగలిగే కొంత మెటీరియల్. మా దగ్గర లేనిది ఆ మిగులే.

డబ్బు అసలు లేదని అనను. అది మా దగ్గర ఉండదు, అంతే. ఈ ఉత్తరం రాసే రోజుకి నాకు రావాల్సిన బిల్లులు 38 లక్షలు. సగటున 110 రోజులకు వస్తున్నాయి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టం ప్రకారం ఒప్పందం ఏదైనా సరే చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా లెక్కగట్టే చక్రవడ్డీ ఇవ్వాలి. ఫిర్యాదుకు 2017లో సమాధాన్ పోర్టల్ తెచ్చారు. ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అని కొత్త నిబంధన కూడా తెచ్చారు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోపు చెల్లించక, ఏడాది ముగిసేదాకా బాకీ ఉంచిన మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. మంచి చట్టమే. అది వచ్చిన కొత్తలో నా కస్టమర్లలో ఒకరు ఫోన్ చేసి, ‘మేడం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వదులుకుంటే మీకే ఆర్డర్ కంటిన్యూ చేస్తాం’ అన్నారు. ఉద్యమ్ అంటే చిన్న పరిశ్రమగా మా నమోదు; అది లేకపోతే ఆ నిబంధన వాళ్లకు అంటదు. నేను వదులుకోలేదు. ఆర్డర్ సగమైంది. ఫిర్యాదు పెట్టొచ్చు కదా అని మా అబ్బాయి అంటాడు. పెట్టొచ్చు. పెట్టిన మర్నాటి నుంచి ఆ గేటు లోపలికి మమ్మల్ని రానివ్వరు. 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలన్నీ, చిన్న పరిశ్రమల బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికల్లో చేరాలన్నారు. అక్కడ కూడా మా బిల్లును వాళ్లు ఒప్పుకుంటేనే డబ్బు కదులుతుంది. ఆ 38 లక్షలే నా పరిశోధన నిధి అనుకోండి. దాన్ని ఇంకెవరో వాడుకుంటున్నారు.

ఇదంతా ఇంకొకరి డ్రాయింగ్‌కు ముక్క చేసే పని. సొంతంగా ఒక వస్తువు చేద్దామని దిగితే ఏమైందో కూడా చెప్పాలి.

మా అమ్మ పుట్టిల్లు ఆర్మూర్ పక్కన పల్లె. పసుపు నేల. పసుపు తవ్వి, ఉడకబెట్టి, రెండు వారాల దాకా ఎండబెట్టాక కొమ్ముల పైపొట్టు పోయి నున్నగా రావడానికి డ్రమ్ముల్లో వేసి తిప్పుతారు. పెద్ద డ్రమ్ములు కిరాయికి తిరుగుతాయి. అవి ముందు ఎక్కువ సరుకున్నవాళ్ల కల్లాలకు వెళ్తాయి. రెండెకరాల మా మేనమామ లాంటివాళ్ల వంతు ఆఖరున వస్తుంది. అప్పటికి మార్కెట్‌లో ధర ఎటు పోయి ఉంటుందో చెప్పలేం. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడిచే చిన్న డ్రమ్ము, నలుగురైదుగురు రైతులు కలిసి కొనుక్కోగలిగేది, చేసిస్తే ఎలా ఉంటుందని నాకనిపించింది.

2023 ఫిబ్రవరిలో మొదటి డ్రమ్ము తీసుకెళ్లాం. మూడడుగుల వ్యాసం. ఎక్కువ వేగంగా తిరిగితే త్వరగా పాలిష్ అవుతుందనుకుని నిమిషానికి 60 తిరుగుళ్లు పెట్టాం. అరగంట తిప్పి తెరిచి చూస్తే కొమ్ములు ఎలా వేశామో అలాగే ఉన్నాయి. పొట్టు రాలలేదు. మోటార్ మార్చాం, డ్రమ్ము జల్లెడ రేకు మార్చాం, లోపల బద్దలు పెట్టాం. ఏం చేసినా అంతే. వారం గడిచేసరికి సీజన్ చేజారిపోయింది. మామయ్య ఏమీ అనలేదు. మళ్లీ కిరాయి డ్రమ్ము కోసమే వెళ్లాడు.

ఆ మే నెలలో ఒక పెళ్లి భోజనాల్లో నా పక్కన ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ ఒకాయన కూర్చున్నాడు. మాటల్లో నా డ్రమ్ము గోల చెప్పాను. ఆయన ఫోన్ తీసి రెండు నిమిషాలు లెక్కచేసి చూపించాడు. మూడడుగుల డ్రమ్ము నిమిషానికి 44 తిరుగుళ్లు దాటితే లోపలి సరుకు పై నుంచి కిందికి పడదట. గోడకు అతుక్కుని డ్రమ్ముతో పాటే తిరుగుతుంది. ఒకదానికొకటి రాసుకోనప్పుడు పొట్టు ఎలా రాలుతుంది? 30 దగ్గర పెట్టి చూడమన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీలో బాల్ మిల్లు, అంటే ఇనుప గుండ్లతో నూరే డ్రమ్ము, నడిపే ఎవరికైనా ఇది మొదటి పాఠమేనట. నాకు ఒక సీజన్ మింగిన సంగతి ఆయనకు రెండు నిమిషాలు. ఆయన పక్కన నాకు కుర్చీ దొరక్కపోతే ఇంకో సీజన్ పోయేది.

2024లో వేగం కుదిరింది, పాలిష్ బాగా వచ్చింది. ఈసారి పసుపు దుమ్ము బేరింగ్‌లోకి పోయి నాలుగో రోజుకు పట్టేసింది. 2025లో బేరింగ్‌లను బయటికి జరిపి సీల్ వేశాం. అది నిలిచింది. కానీ జల్లెడ రంధ్రాల అంచులు తగిలి కొమ్ముల కొసలు విరిగాయి. కొస విరిగిన కొమ్ముకు మార్కెట్‌లో ధర తగ్గిస్తారు. పసుపు పని ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఒక తప్పు దిద్దుకోవాలంటే మళ్లీ ఫిబ్రవరి దాకా ఆగాలి. మూడు డ్రమ్ములకూ కలిపి రెండు లక్షల ఎనభై వేలు అయింది. అంతా జాబ్ వర్క్ డబ్బులోంచి, రెండుసార్లు నా గొలుసు మీద తెచ్చిన అప్పులోంచి.

బ్యాంకుకు వెళ్లలేదా అంటారేమో. వెళ్లాను. మేనేజర్ గారు మర్యాదస్తుడు. కొత్త సీఎన్‌సీకి తాకట్టు లేకుండా లోన్ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. దానికి అప్పు మునిగితే బ్యాంకును ఆదుకునే క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు హామీ ఉంటుంది. నా డ్రమ్ముకు మాత్రం కొటేషన్ అడిగారు. ఇంకా లేని వస్తువుకు, చెడిపోయే అవకాశమే ఎక్కువున్న పనికి, కొటేషన్ ఎవరి దగ్గర తేవాలి? ఒక్కో ఆలోచనకు 15 లక్షల దాకా సాయం చేసే కేంద్ర పథకం 2022 నుంచి ఉంది. ఎంపిక చేసిన కాలేజీలు, సంస్థల ద్వారా దరఖాస్తు చేసుకోవాలి, నిపుణుల కమిటీలు చూడాలి. నాకు కావాల్సింది 90 వేలు, అదీ జనవరి నెలాఖరులోపు. పేటెంట్ ఫీజు కూడా చిన్న సంస్థలకు బాగా తగ్గించారు, ఆన్‌లైన్ దరఖాస్తుకు 1,600 రూపాయలే. సంతోషం. డ్రమ్ము ముందు నిలబడాలి కదా.

ఇక్కడ చింతకింది మల్లేశం గారి సంగతి చెప్పకుండా ఉండలేను. ఆలేరు వైపు నేతవాళ్ల ఇళ్లలో ఆసు పోయడానికి, అంటే నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టడానికి, తన తల్లి రోజంతా చెయ్యి తిప్పి భుజాలు పడిపోవడం చూసి, ఆయన యంత్రం చేయడానికి పూనుకున్నారు. ఏళ్ల తరబడి ఒక్కో భాగమే కుదురుతూ వచ్చింది, చివరి కదలిక దగ్గర ఆగిపోయింది. కరెంటు పని మీద మా బాలానగర్‌లోనే ఒక వర్క్‌షాప్‌కు వచ్చినప్పుడు, అక్కడి యంత్రంలో తనకు కావాల్సిన కదలిక కనిపించింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పట్టుదలకు రెండు చేతులూ జోడిస్తాను. కానీ నన్ను వేధించే ప్రశ్న ఒకటుంది. ఆ రోజు ఆ షెడ్డులో కరెంటు పని పడకపోతే? నాకు పెళ్లి భోజనంలో ఆ కుర్చీ దొరకకపోతే? తెలిసినవాడూ తెలియనివాడూ కలుసుకోవడాన్ని మనం అదృష్టానికి వదిలేశాం.

కోయంబత్తూరులో పంపులు చేసేవాళ్లు ఇలా వదిలేయలేదు. తమకంటూ సిటార్క్ అనే పరీక్షా కేంద్రం ఏర్పాటయ్యేలా చూసుకున్నారు. చిన్న తయారీదారు కూడా తన పంపును అక్కడ పరీక్ష చేయించి, ఎక్కడ లోపముందో తెలుసుకుని వెనక్కి వెళ్తాడు. మనకూ సంస్థలు తక్కువేమీ కాదు. టూల్ డిజైన్ సంస్థ మా షెడ్డుకు నడిచిపోయే దూరం. రాయదుర్గంలో 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరిచారు, కొత్త వస్తువుల నమూనాలు చేసుకోవడానికి అంత మంచి చోటు ఉండటం మనకు గర్వం. అయితే పగలు షెడ్డు వదిలి నేను ఎక్కడికీ కదల్లేను. వదిలితే ఆ రోజు డిస్పాచ్ ఆగుతుంది. నా కోరిక చాలా చిన్నది. ఇలాంటి సంస్థల్లో వారానికి ఒక సాయంత్రం, ఆరు నుంచి తొమ్మిది దాకా, ఒక బల్ల, రెండు కుర్చీలు, విషయం తెలిసిన ఒక మనిషి. పాడైన ముక్క చేతిలో పట్టుకుని మేం వస్తాం. దరఖాస్తు వద్దు, ప్రెజెంటేషన్ వద్దు. నాన్న రోజుల్లో ఆ ఇన్‌స్పెక్టర్ లాక్కున్న స్టూలు మళ్లీ వేస్తే చాలు.

ప్రభుత్వ రంగ సంస్థలను ఇంకొకటి అడుగుతాను. వాళ్లు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే తీసుకోవాలని నిబంధన ఉంది. ఆ 25లో 3 శాతం మహిళల సంస్థల వాటా. దానివల్ల నాకూ ఆర్డర్లు వచ్చాయి, కృతజ్ఞురాలిని. ఆ ఆర్డర్ కాగితంలోనే ఒక వాక్యం చేర్చండి: సప్లయర్ సొంతంగా చేసిన మెరుగుదల వల్ల ఖర్చు తగ్గితే, రెండేళ్లపాటు రేటు తగ్గించం అని. రెండేళ్లు ఎక్కువనుకుంటే ఏడాది. ఖజానా మీద పైసా భారం పడదు. ప్రభుత్వ సంస్థ మొదలుపెడితే ప్రైవేటు కంపెనీలను అడగడానికి మాకూ నోరు వస్తుంది. అప్పుడు మా ఉస్తాద్ డ్రాయర్‌కు తాళం వేయడు.

అప్పు విషయంలో బ్యాంకుల నియమాలు నాకు అర్థం కావని కాదు. అది జనం సొమ్ము. అయినా రెండు మూడు లక్షల లోపు మొత్తానికి, యంత్రం బదులు పుస్తకం చూసి సాయం చేసే దారి ఒకటి ఉండాలి. ఏం చేసి చూశాం, ఏం చెడింది, తర్వాత ఏం మార్చాం అని తేదీలతో, కొలతలతో రాసి చూపించినవాడికి తర్వాతి ప్రయత్నానికి డబ్బివ్వండి. రాయనివాడికి ఇవ్వకండి. అలాగైతే రాసే అలవాటు కూడా వస్తుంది. నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. కల్లం దగ్గర వాడే చిన్న యంత్రాలకు సీజన్‌కు నెల ముందే ఇలాంటి సాయం అందించే పని బోర్డు తీసుకుంటే, నా ఒక్కదాని డ్రమ్మే కాదు, ఉడకబెట్టే కడాయిల మీద, తవ్వే పరికరాల మీద పని చేస్తున్న ఇంకెందరో బయటికొస్తారు.

మా ఉస్తాద్‌కు అరవై మూడేళ్లు. చెయ్యి ఇంకా వణకదు కానీ చూపు తగ్గింది. ఆయనకు రాయడం అంతగా రాదు. పోయిన ఏడాది డిప్లొమా పూర్తిచేసిన ఒకమ్మాయిని తీసుకున్నాను. రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి గంటసేపు ఆయన చెబుతాడు, ఆ అమ్మాయి తెలుగులో రాసి పక్కన బొమ్మ గీస్తుంది. స్లీవ్ రింగ్ సంగతి ఏడు పేజీలు వచ్చింది. ఆ గంటకు ఇచ్చే జీతాన్ని ఏ ఖాతాలో రాయాలని మా ఆడిటర్ అడిగారు. శిక్షణ అని రాయమన్నాను. పన్నెండో తప్పుల పుస్తకం ఇప్పుడు సగం నిండింది.

నాలుగో డ్రమ్ము డిసెంబరు ఆఖరుకు పూర్తవుతుంది. ఈసారి జల్లెడ రంధ్రాల అంచులు లోపలి వైపు గుండ్రంగా తోముతున్నాం, ఒక్కో రంధ్రం చేత్తోనే. ఫిబ్రవరిలో పసుపు ఉడికే వేళకు ఆర్మూర్ వైపు తీసుకెళ్తాను. మీ విలేఖరి ఎవరైనా వచ్చి చూస్తానంటే మామయ్య కల్లం దగ్గరే ఉంటాం. బాగా నడిస్తే రైతుల మాటల్లోనే రాయండి. చెడిపోతే ఎక్కడ చెడిందో ఆ రాత్రే పుస్తకంలో రాసి, ఆ పేజీ ఫొటో తీసి మీకు పంపుతాను. దాన్ని కూడా ఇంతే చోటిచ్చి అచ్చు వేయమని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక మెషిన్ షాప్ యజమానురాలు
బాలానగర్, హైదరాబాద్